జపాను విమానం పక్కన ఒక్క వాక్యం

2006లో నేను దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో, ప్రదర్శనలకు నమూనాలూ బోర్డులూ తయారుచేసే వర్క్‌షాపులో పెయింటర్‌ని. ఒక మాల్‌లో పెట్టబోయే యుద్ధవిమానాల ప్రదర్శన కోసం జపాను ఫైటర్‌ను ఫైబర్‌తో అసలు సైజులో చేసే పని మాకొచ్చింది. రెక్కల మీద ఎర్ర సూర్యుడికి బదులు అమెరికా నక్షత్రం వెయ్యమన్నారు. ఎందుకో పక్కన పెట్టే బోర్డులో ఉంది.

1942 జూన్‌లో ర్యూజో అనే జపాను విమానవాహక నౌక నుంచి లేచిన ఆ విమానానికి అలాస్కా దీవుల దగ్గర తూటా తగిలి ఆయిల్ కారిపోయింది. పైలట్ గడ్డినేల అనుకుని దించాడు. అది బురద. విమానం తిరగబడి, మెడ విరిగి చనిపోయాడు. అమెరికన్లు దాన్ని పట్టుకుపోయి, బాగుచేసి, తమ నక్షత్రాలు వేసి ఎగరేసి, దాని లోపాలన్నీ తెలుసుకున్నారు. పైలట్‌కు పందొమ్మిదేళ్లట. నాకూ జాలేసింది.

కానీ 1942 అనగానే నాకు నాయనమ్మ గుర్తొచ్చింది. తాత విశాఖ హార్బర్‌లో కూలీ. ఆ ఏడు జపాను బాంబులకే పోయాడు. "మొయ్యడానికి నలుగురు దొరకలేదురా నాయినా. ఊరూరంతా పారిపోనాది," అనేది.

సత్వా అనే పేటలో మా గది కింద ఇంటర్నెట్ కేఫ్‌లో వెతికాను. విశాఖ మీదికొచ్చిన విమానాలు లేచింది కూడా ర్యూజో నుంచే. ఈ పైలట్ చావుకు రెండు నెలల ముందు.

మర్నాడు ముదీర్ దగ్గరికెళ్లాను. మా మేనేజర్‌ను అలాగే పిలిచేవాళ్లం. హైదరాబాద్ మనిషి.

"సార్, ఇదే నౌక విమానాలు మన వైజాగ్ మీదా బాంబులేశాయి. బోర్డులో ఒక్క వాక్యం కలుపుదాం."

ఆయన నవ్వాడు. "వైజాగ్ మీద బాంబులా? ఎవడు చెప్పిండు భాయ్ నీకు?"

"మా తాత అందులోనే పోయాడు సార్."

"అయితే ఏంది? గీడికొచ్చేటోళ్లకు గదంతా ఎందుకు? క్లయింట్ ఏమిచ్చిండో గదే రాయి. ఖలాస్."

ఒళ్లు మండిపోయింది. మెడ విరిగినవాడి గురించి అంత రాశారు, రాయనీ. వాడి తోటివాళ్ల చేతిలో పోయిన మనిషికి ఒక్క వాక్యం బరువైపోయిందా? బోర్డు అడుగున ఆ వాక్యం నేనే రాసేశాను. సాయంత్రం ముదీర్ చూసి, దాని మీద తెల్లరంగు కొట్టించాడు. నా చేతే.

ప్రదర్శన మొదలయ్యాక, రంగు పెచ్చులూడితే సరిచేయడానికి నన్ను విమానం దగ్గరే నిలబెట్టారు. తెలుగు మాట్లాడుకుంటూ భార్యాభర్తలు వచ్చారు. ఉండబట్టలేక తాత సంగతి చెప్పాను.

"అవునా! మాదీ వైజాగే అండీ," అన్నాడాయన. వెంటనే భార్యతో, "నువ్వలా రెక్క పక్కన నిలబడు, ఫొటో తీస్తా."

నేను కెమెరాకు అడ్డం నిలబడ్డాను. "తియ్యొద్దు," అని అరిచాను. ఆయన ఫిర్యాదు చేశాడు. ముదీర్ అందరి ముందూ నన్ను బయటికి పంపేశాడు.

తర్వాత నన్ను పార్కింగ్ గీతలు వేసే పనికి మార్చారు. ఎండలో గీత వెంట గీత లాగుతూ అందర్నీ తిట్టుకున్నాను. ముదీర్‌ను, ఆ వైజాగ్ ఆయన్ను, పెర్ల్ హార్బర్ మీద జవాబు కంఠస్థం చేయించి మా హార్బర్ గురించి ఒక్క ముక్క చెప్పని మా బడిని.