నడుము కొలత

మా ఇంటి ముందు గదిలో అమ్మ జాకెట్లు కుడుతుంది. కొలతలు తీసే పని నాది. నాకు మాటలు తక్కువ. ఈ పనిలో పెద్దగా మాట్లాడాల్సింది ఉండదు. ఎవరూ లేనప్పుడు బట్టల మూటల వెనుక కూర్చుని నవలలు చదువుకుంటాను. మనూర్ నుంచి, కంగ్టి నుంచి ఆటోల్లో వచ్చే ఆడవాళ్లు ఫోన్‌లో ఏదో పాట పెట్టి, అందులో ఆడే అమ్మాయిని చూపించి, అట్లాగే కుట్టమంటారు. నేను నడుము చుట్టూ టేపు తిప్పగానే అందరూ ఊపిరి బిగబడతారు. పెళ్లికూతుళ్లే కాదు, మనవరాళ్లున్న వాళ్లు కూడా.

అమ్మ మిషన్ మీది నుంచి తలెత్తకుండానే అంటుంది: "ఊపిరి ఇడువక్కా. పెండ్లిల బువ్వ తినవా ఏంది?"

వాళ్లు నవ్వుతారు గానీ వదలరు. అందుకే అమ్మ వాళ్లకు చెప్పకుండా కాస్త వదులుగా కుట్టి, పక్క కుట్ల లోపల కొంత బట్ట మిగులుస్తుంది.

అమ్మ కూడా ఏం తక్కువ కాదు. ఆమె పెళ్లి నాటికి రేడియోలోనూ క్యాసెట్లలోనూ అన్నీ సన్న నడుము పాటలేనట. ఇప్పటికీ కొత్త చీర కడితే అద్దం ముందు పక్కకు తిరిగి, కడుపు లోపలికి లాక్కుంటుంది. నాయనమ్మకు ఇదంతా వింత. ఆమెకు తెలిసినవి కంది చేలో కలుపు తీస్తూ పాడుకున్న పాటలు.

"మా పాటలల్ల నడుమంటే నొచ్చేదే" అంటుంది.

నాకు సంబంధం కుదిరింది. నిశ్చితార్థానికి ముందు పెళ్లికొడుకు అక్క నాకొక పాట పంపింది. అందులోలాంటి జాకెట్ వేసుకుని, ఆ పాటకే నేనూ పెళ్లికొడుకూ ఆడాలట. నలుగురి ముందు నిలబడటమే నాకు కష్టం. అమ్మతో చెప్పుకుంటే, ఒక్క దినమే కదా అంది. ఆ రోజు పాట సగం కాకముందే నాకు ఊపిరాడలేదు. అచ్చం పాటలో పిల్లలాగే ఉన్నానని అందరూ మెచ్చుకున్నారు. ఇంటికొచ్చాక జాకెట్ విప్పి తిరగేసి చూశాను. కుట్ల లోపల మిగిల్చిన బట్ట లేదు.

ఎందుకని అడిగితే అమ్మ నా వైపు చూడలేదు. "వదులుగ కుడితే గట్ల కనవడవు బిడ్డా" అంది.

నిన్న పెళ్లి జాకెట్ల కోసం అమ్మే నా కొలతలు తీసింది. ఈసారి ఊపిరి వదిలి నిలబడాలని పొద్దుటి నుంచే అనుకున్నాను. వదులుగా కుట్టమని నోరు తెరిచి అడగలేను. కనీసం టేపుకైనా తెలియాలని. ఫోన్‌లో పాట కూడా లేదు. టేపు చల్లగా నడుముకు తగిలింది.

మంచం మీది నుంచి నాయనమ్మ అంది: "పిల్ల ఊపిరి తీస్తలేదు, సూడు."

అమ్మ టేపు పట్టుకుని ఆగింది. "ఇడువు బిడ్డా" అంది. అందరితో అనే మాటే, నాతో అనడం అదే మొదలు. తొందరపెట్టలేదు. నేను వదలబోయాను. కడుపు కదల్లేదు.

కాసేపు చూసి, అమ్మ టేపు మీది ఆ అంకెనే రాసుకుంది.