నిడివి కోసం తీసేసిన మనిషి

తెలంగాణ కోసం మా ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉన్న ఆ రోజుల్లో నా వయసు ఇరవై నాలుగు. నా అభిప్రాయాల వయసు మాత్రం ఎనభైకి తక్కువ ఉండేది కాదు. జనగామలో ఒక ప్రైవేటు బడిలో సాంఘిక శాస్త్రం చెప్పేవాణ్ణి. అది జీతం కోసం. అసలు నేను పుట్టింది సినిమాల్లో తప్పులు పట్టడానికేనని గట్టిగా నమ్మేవాణ్ణి. నవల ఆధారంగా తీసిన సినిమా వచ్చిందంటే ముందు ఆ నవల చదివి, ఒక నోటుపుస్తకం, ఎర్ర పెన్ను జేబులో పెట్టుకుని బయల్దేరేవాణ్ణి. ఇక ఎవరిదైనా జీవితకథ తెరకెక్కిందంటే నాకు పండుగే. బతికినన్నాళ్ళూ నల్లగా, పొట్టిగా ఉన్న మనిషిని ఆరడుగుల తెల్లటి హీరో ఎట్లా వేస్తాడు? ముగ్గురు స్నేహితులను కలిపేసి ఒక్కణ్ణి చేయడానికి వీళ్ళెవరు? మన మాట రౌడీలకూ పనివాళ్ళకూ ఇచ్చి, మన ఊరి వీరుడికి మాత్రం పక్క జిల్లాల మాట ఎందుకు తొడిగారు? ఇవన్నీ ఇంటర్వెల్ దాకా ఆపుకోవడం నా వల్ల అయ్యేది కాదు. హాల్లోనే పైకి అనేసేవాణ్ణి. ఒకసారి జనగామకు రాని సినిమా కోసం రైలెక్కి మహబూబాబాద్ దాకా పోయి, అక్కడ కూడా "పుస్తకంల గిట్ల లేదు" అని మూడోసారి అన్నప్పుడు, ముందు వరుసలో ఒకాయన వెనక్కి తిరిగి, "అన్నా, నువ్వు టికెట్టు కొన్నది సినిమాకా, లడాయికా?" అని అడిగాడు. (జవాబు చెప్పలేదు. ఆయన భుజాలు వెడల్పుగా ఉన్నాయి.)

బళ్ళో నన్ను అందరూ 'రివ్యూ సార్' అనేవాళ్ళు. భూపాలపల్లి నుంచి వచ్చిన లెక్కల సార్ ఒకాయన ఉండేవాడు. బొగ్గుబావి కార్మికుడి కొడుకు, మాట తక్కువ మనిషి. ఒకరోజు స్టాఫ్‌రూములో నేను బల్ల గుద్ది, "నిజంగ బతికిన మనిషిని కథల లేకుండ చేసుడు కన్న పాపం ఇంకొకటి లేదు" అని ఉపన్యసిస్తుంటే, ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "నువ్వొక్కటి తియ్యి సార్, మేం గూడ చూసి తిడుతం" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. ఆ నవ్వు నెల రోజులు కూడా నిలవలేదు.

పెద్ద రోడ్డు పక్కన దీక్షా శిబిరం నడుస్తుండేది. రోజుకొక వర్గం వాళ్ళు వచ్చి టెంటు కింద కూర్చునేవాళ్ళు. మా టీచర్ల వంతు వచ్చిన రోజునే వంటావార్పు కూడా పెట్టారు. అంటే రోడ్డు మధ్యలోనే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే బంతులు కూర్చుని తినడం. బండ్లన్నీ ఆగిపోతాయి, జనం బాగా పోగవుతారు. శిబిరం చూసుకునే లెక్చరర్ సారు నన్ను పిలిచి, "పాటలు రోజూ ఉంటున్నయి. నువ్వు ఊకె సినిమాలను తిడుతవు గద, ఒక నాటకం కట్టరాదు?" అన్నాడు. ఎవరి కథ కట్టాలో నేను ఆలోచించాల్సిన పని లేదు. మా పెద్దబాపు ఉన్నాడు.

పెద్దబాపు అంటే మా నాన్నకు అన్న. అరవై తొమ్మిది ఉద్యమంలో పద్దెనిమిదేళ్ళ విద్యార్థి. ఆనాటి నుంచి కుడికాలు కుంటుతాడు. ఆ కాల్లో పోలీసు తూటా దిగిందని ఊరంతా చెప్పుకునేది, అందుకే అందరికీ ఆయన 'తూటా బాపు'. ఆయన అవుననేవాడు కాదు, కాదనేవాడు కాదు. ఆ కాలితోనే పొద్దున్నే పాల కోసం పోయేటప్పుడు కూడా నేరుగా పెద్ద రోడ్డు మీదుగా పోకుండా రెండు గల్లీలు చుట్టు తిరిగి పోయేవాడు. వీరులకు ఇట్లాంటి విచిత్రమైన అలవాట్లు ఉంటాయని నేను సరిపెట్టుకున్నాను. నోటుపుస్తకం పట్టుకుని మూడు రోజులు ఆయన మంచం పక్కన కూర్చుంటే నాలుగు ముక్కలు చెప్పాడు. స్టేషన్ కాడ గడబిడ అయింది, ఉరికినం, దెబ్బ తాకింది, పట్టాల ఎంబడి రెండు మైళ్ళు పోయి పక్క ఊళ్ళో ఎముకలు కట్టే ఆయన ఇల్లు చేరినం. దవాఖానకు పోతే పట్టుకుంటారని భయం. అంతా చెప్పి, నేను లేవబోతుంటే, "నా ఎంబడి ఇంకొకడుండె" అన్నాడు. అది కూడా రాసుకున్నాను. ఎవరు అని మాత్రం అడగలేదు. ఆకలవుతోంది, లేచి పోయాను.

నాటకం రాయడం మొదలుపెట్టాక నాకు దర్శకుల కష్టాలు తెలిసొచ్చాయి. పెద్దబాపు వేషానికి కరెంటు సామాన్ల దుకాణం కుర్రాణ్ణి తీసుకున్నాను. పొడుగ్గా, తెల్లగా ఉన్నాడని. (అవును, చదివింది సరిగ్గానే చదివారు.) పోలీసు వేషాలకు నలుగురు దొరికారు, మంత్రి వేషానికి తెలుగు సార్ ఒప్పుకున్నాడు. 'ఇంకొకడి'కి మాత్రం మనిషి దొరకలేదు. ఇచ్చిన సమయం ఇరవై నిమిషాలే. ఎర్ర పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేసి, పక్కన 'నిడివి' అని రాసుకున్నాను. తూటా దిగిన కాలితో హీరో ఒక్కడే రెండు మైళ్ళు నడుస్తూ పోయే దృశ్యం రాసి, పైగా అక్కడొక పాట కూడా పెట్టాను. ఇదే దృశ్యం వేరేవాళ్ళు తీసుంటే ఆ హాల్లో నా నోరు మూయించడం ఎవరి తరం అయ్యేది కాదు.

వంటావార్పు రోజు మధ్యాహ్నానికి రోడ్డంతా జనం. పప్పు ఉడుకుతున్న పెద్ద గంజు దగ్గర గంటె పట్టుకుని కిరాణమ్మ నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి. టెంటుకు నాలుగు దుకాణాల అవతల వాళ్ళ తాతల నాటి కిరాణా కొట్టును ఒక్కతే నడుపుకుంటోంది. ఆ రోజు బియ్యం, పప్పు వాళ్ళ కొట్టువే. పెద్దబాపును నేనే బలవంతంగా తీసుకొచ్చి ముందు కుర్చీలో కూర్చోబెట్టాను. ఆమెను చూడగానే ఆయన కుర్చీని కాస్త పక్కకు తిప్పుకున్నాడు. పొగ తగులుతోందేమో అనుకున్నాను.

నాటకం మొదలైంది. తూటా చప్పుడు కోసం పెట్టుకున్న పటాకు గంజుల ఆవిరికి మెత్తబడి పేలలేదు. హీరో మాత్రం సమయానికి పడిపోయాడు. జనం నవ్వారు. నేను చెమటలు తుడుచుకున్నాను. హీరో లేచి, కాలు ఈడుస్తూ, పాట అందుకుని నాలుగడుగులు వేశాడో లేదో, పెద్దబాపు కుర్చీలోంచి లేచాడు.

"ఆపుండ్రి. జర ఆపుండ్రి."

డప్పు ఆగింది. ఆయన కుంటుకుంటూ మధ్యలోకి వచ్చాడు. "తూటా లేదు, గీటా లేదు. లాఠీలతోని ఉరికిచ్చిండ్రు. నేను గూడ్సు షెడ్డు మీదికెళ్ళి దుంకిన, కాలిరిగింది. గంతే. తూటా అని మీరంటుంటే నలభై ఏండ్లు ఊకున్న. అది నా తప్పే. గని గీ పట్టాల ఎంబడి నడిచింది నేను గాదు." నా వైపు తిరిగాడు. "ఇరిగిన కాలుతోని రెండు మైళ్ళు ఎవడన్న నడుస్తడారా? సదువుకున్నోనివి, గదన్న అడగొద్దా?"

నేను చేతిలోని నాటకం కాగితాలు మడిచాను.

"నా దోస్తు బక్కోడు మోసిండు నన్ను. వీపు మీద ఎక్కించుకొని మోసిండు. ఒక్క తాన గూడ దించలే. ఎముకలు కట్టేటాయన ఇంట్ల నన్ను పండవెట్టి, మా అవ్వకు చెప్పొస్తనని మల్ల ఊళ్ళెకు వచ్చిండు. అవ్వకు చెప్పిండు. గటెన్క పోలీసులకు దొరికిండు. ఎక్కడికి పోయినవని ఎంత అడిగినా చెప్పలే. ఇంట్ల గూడ చెప్పలే. చెప్తే నేను దొరుకుత అని." ఆయన చెయ్యి చాపి పప్పు గంజు వైపు చూపించాడు. "ఆమె అన్నే."

కిరాణమ్మ చేతిలో గంటె అట్లాగే ఉండిపోయింది. నాలుగు నెలలు జైల్లో ఉండి జ్వరంతో వచ్చి, ఏడాది తిరగకుండానే పోయిన అన్న ఒకడు ఆమెకు ఉండేవాడని నాకు అప్పుడే తెలిసింది. ఆగిన లారీల్లోంచి డ్రైవర్లు కూడా దిగి నిలబడ్డారు. పప్పు అడుగంటుతున్న వాసన వస్తున్నా ఎవరూ కదల్లేదు.

"మా బాపు పాణం పోయేదాక గదే అడిగిండన్నా," అంది ఆమె. "ఆ దినం పోరడు ఎటు పోయిండని. ఎవ్వరు చెప్పలే. నువ్వు మా అన్న దోస్తువే గద, ఒక్కనాడు మా దుకాణం మెట్టెక్కలే. మమ్ముల మరిచిపోయినవనుకున్న."

"ఏ మొకం పెట్టుకొని ఎక్కాలె బిడ్డా," అన్నాడు పెద్దబాపు.

రెండు గల్లీల చుట్టు దారి ఎందుకో నాకప్పుడు అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను. అదే వాక్యాన్ని నా చేతుల్తో కొట్టేసి, పక్కన కారణం కూడా రాసుకున్నవాణ్ణి నేను.

ఆయన కళ్ళు తుడుచుకుని, "మల్ల మొదలువెట్టు. వాన్ని పెట్టి," అన్నాడు. వేషగాళ్ళు లేరని నేను నసిగితే లెక్కల సార్ వెనక నుంచి, "నువ్వున్నవు గద రివ్యూ సార్" అన్నాడు. నేను వంగాను. పెద్దబాపు నిజంగానే నా వీపు ఎక్కాడు. డప్పు మళ్ళీ అందుకుంది. టెంటు గుంజ నుంచి పొయ్యిల దాకా ఇరవై అడుగులు ఉంటుందేమో, అంతలోకే దించేశాను. జనం చప్పట్లు కొట్టారు. నేనింకా ఊపిరి తీసుకుంటుంటే పెద్దబాపు నా భుజం మీద చెయ్యి వేసి, అందరికీ వినబడేట్టు తన అభిప్రాయం చెప్పాడు.

"బాగనే చేసినవు. గని వాడు నన్ను గింత జల్ది దించలే."

నా జీవితంలో నేను విన్న రివ్యూలన్నిటిలో అదే నిజమైనది. మళ్ళీ వంగాను. ఈసారి ఎక్కడ దించాలో నాకు ఎవరూ చెప్పలేదు, కిరాణమ్మ చేతిలో గంటెతోనే నా ముందు నడిచింది. ఆగిన లారీల మధ్య నుంచి, నాలుగు దుకాణాలు దాటి, మధ్యలో రెండుసార్లు పడబోయి, పంటి బిగువున నడిచి ఆమె కొట్టు ముందు ఆగాను. పెద్దబాపు నా వీపు మీద నుంచి నేరుగా ఆ మెట్టు మీదే దిగాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని లోపల బల్ల మీద కూర్చోబెట్టి, "మస్తు బరువున్నవు గదన్నా," అంది. తర్వాత ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు. మేమంతా బయట రోడ్డు మీద మాడిన పప్పుతో అన్నం తిన్నాం. వంక పెట్టినవాళ్ళు లేరు.

మర్నాటి నుంచి పెద్దబాపు పాలకు పెద్ద రోడ్డు మీదుగానే పోయాడు. రాష్ట్రం వచ్చింది, చూశాడు, ఆ తర్వాత రెండేళ్ళకు పోయాడు. నేనిప్పుడు మునుపటంత గట్టిగా సినిమాలు తిట్టడం లేదు. మా బిడ్డ, "ఎట్లుంది బాపు?" అని అడిగితే, "మంచిగనే ఉంది బిడ్డా" అంటాను. పాత నోటుపుస్తకం ఇంకా బీరువాలో ఉంది. అప్పుడప్పుడు తీసి, ఎర్ర గీత కింద మిగిలిన ఆ వాక్యం చదువుకుంటాను. పక్కన 'నిడివి' అని నా దస్తూరీలో, ఎంతో ధీమాగా, కింద గీత కూడా గీసి ఉంటుంది. ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, జాలి కూడా వేస్తుంది. తెర మీద దెబ్బ తిన్న హీరో ఒక్కడే ఠీవిగా నడిచిపోతుంటే హాలంతా ఈలలు వేస్తుంది. నేను మాత్రం చీకట్లో నా వీపు తడుముకుంటాను.