జ్వరం లేదని చెప్పిన సుబేదారు

సుబేదార్ మాణిక్యం గారిది శ్రీకాకుళం జిల్లా. సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో చేరి, వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చునే సగం దేశం చూశాడు. రిటైరయ్యాక ఢిల్లీ పక్కన వైశాలిలో మూడో అంతస్తు ఫ్లాటు కొనుక్కుని, నోయిడాలో ఒక ఫ్యాక్టరీకి సెక్యూరిటీ సూపర్‌వైజరుగా కుదురుకున్నాడు. మాది పక్క ఫ్లాటు. నాకు ఒక చోట కాలు నిలవదు, ఆయనకు ఇల్లు కదలడం ఇష్టం ఉండదు. అయినా మా ఇద్దరికీ పొద్దుటి టీ దగ్గర బాగా కుదిరేది.

2006లో ఆయన నడుంనొప్పికి కారణం, అప్పటికే ఉన్న ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకల్లోకి పాకడమని తేలింది. దానికి ఏడాది నుంచీ వాడుతున్న హార్మోను ఇంజెక్షన్లు ఇక పనిచేయడం లేదన్నారు. ఢిల్లీలో ఒక పెద్దాసుపత్రిలో ఒక కొత్త మందు ఎంత పనిచేస్తుందో రోగుల మీద చూసే పరీక్ష జరుగుతోంది. మూడు వారాలకోసారి సెలైన్‌లో కీమో ఎక్కిస్తారు. దానికి తోడు కొందరికి ఒక కొత్త మాత్ర, కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది పడిందో డాక్టర్లకు కూడా తెలియదు. ఇది విని నేను కంగారుపడ్డాను గానీ ఆయన పడలేదు. సీలు వేసిన కవరు మోసుకెళ్లేవాడికి లోపలేముందో ఎవరు చెబుతారు అన్నాడు.

ఆ సెలైన్‌లో ఎక్కించే మందుకు మూలం ఒక చెట్టు ఆకులు. ఆ జాతి చెట్టునే నేను గఢ్వాల్ కొండల్లో చూశాను. థునేర్ అంటారక్కడ. దాని బెరడు మరిగించి టీ తాగే ముసలమ్మ ఒకావిడ, ఆకు మేస్తే మాత్రం గొడ్డు బతకదని నాతో చెప్పింది. ప్రాణం తీసే ఆకులోంచి మందు తీయడం మనిషికి కొత్తేమీ కాదు. ఎంత వరకు మందు, ఎక్కడి నుంచి విషం అన్నది తేల్చడానికే మనుషులు కావాలి, వాళ్ల ఒళ్లు కావాలి. మాణిక్యం గారు తన ఒంటిని అందుకు ఇచ్చాడు.

రెండు విడతల కీమోకే నొప్పి తగ్గింది. రక్తపరీక్షలో క్యాన్సరు ఎంతుందో చెప్పే అంకె దిగింది. ఆయన మెట్లెక్కి పైకొచ్చి, ఆయాసపడుతూనే, నవ్వుతూ మా తలుపు కొట్టిన రోజు నాకు గుర్తుంది. ఆ మందు ఆగిపోకూడదన్నది ఒక్కటే అప్పటి నుంచీ ఆయన ధ్యాస.

ఇక్కడ సైన్యం సంగతి ఒకటి చెప్పాలి. అక్కడ సైనికుడి ఆరోగ్యానికి మెట్లుంటాయి, ఏ లోపమూ లేనివాణ్ణి ‘షేప్ వన్’ అంటారు. ఆ మెట్టు నుంచి దిగితే ప్రమోషన్ కూడా ఆగినట్టే. అందుకే మోకాలు వాచినా, చెవి సరిగా వినపడకపోయినా, డాక్టరు ముందు ‘సబ్ ఠీక్ సాబ్’ అనడం జవాన్లకు అలవాటు. మాణిక్యం గారు ఒకసారి మలేరియాతో వణుకుతూనే మెడికల్ బోర్డు దాటాడట. ఆ కథ ఆయన గర్వంగా చెప్పేవాడు, మేమూ నవ్వుతూ వినేవాళ్లం.

మూడో కీమో అయిన తర్వాతి వారం, జూన్ నెల, కరెంటు లేదు. గోడ మీద చెయ్యి పెడితే కాలుతోంది. ఆయన భార్య సుభద్ర గారు వచ్చి నన్ను పిలిచింది. వెళ్లి చూస్తే ఆయన స్వెట్టరు వేసుకుని మంచం మీద కూర్చున్నాడు. దిండు కింద జ్వరం మాత్రల అట్ట, సగం ఖాళీ.

ఆసుపత్రివాళ్లు మొదటి రోజే గట్టిగా చెప్పారు. కీమోతో తెల్ల కణాలు పడిపోతాయి, అప్పుడు జ్వరం వస్తే గంటల్లో ప్రాణం మీదికి రావచ్చు, సొంతంగా మాత్రలు మింగకుండా వెంటనే రమ్మన్నారు. ఈయన మాత్ర మింగి, చెమట పట్టాక థర్మామీటరు పెట్టుకుని, ఆ అంకె భార్యకు చూపిస్తూ వచ్చాడు.

“ఫోను సెయ్యకే,” అన్నాడు పళ్లు కొట్టుకుంటూ. “సేస్తే నా పేరు కొట్టెస్తారు.”

“మీ పేరుండి మీరు లేకపోతే నానేటి సేసుకోవాలి?” అంది సుభద్ర గారు, ఫోను అందుకుంటూ.

లాక్కోబోయాడు, చెయ్యి అందలేదు. ఆయన చెయ్యి అంత బలహీనంగా ఉండడం ఆవిడ అప్పుడే చూసినట్టుంది. ఆసుపత్రి నంబరు నొక్కింది.

టాక్సీలో ఢిల్లీ బార్డరు దగ్గర లారీల వెనక చిక్కుకుపోయాం. ఆయన మాట ముద్దగా రావడం మొదలైంది. సుభద్ర గారు ఆయన పెదవులు తడుపుతూ, డ్రైవరుతో భయ్యా, పక్క నుంచి పోనీ అని ఒకటే మాట, గొంతు పెంచకుండా అంటోంది. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఇన్ని పుస్తకాలు చదివిన బుర్రలో ఆ క్షణాన పనికొచ్చేది ఒక్క ముక్క లేదు.

ఆసుపత్రిలో మనీష ఎదురొచ్చింది. ఆ పరీక్షలో రోగుల బాగోగులు కనుక్కునే అమ్మాయి తను. తెలుగువాళ్లే, నాన్నది సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగం. ఢిల్లీలో పుట్టి పెరిగింది, తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే సగం హిందీ. బీపీ పడిపోయిందని నర్సులు పరుగెత్తారు. మనీష ఆయన మీదికి వంగి, జ్వరం ఎప్పటి నుంచి అని అడిగింది.

“ఇయ్యాలే,” అన్నాడాయన.

సుభద్ర గారు నోరు తెరిచింది. మనీష చేత్తో ఆపింది.

“అంకుల్, మీరు బుఖార్ లేదంటే నేను లేదనే రాస్తాను. కల్ ఇంకో అంకుల్‌కి ఇదే డోస్ సేఫ్ అని ఇస్తారు. ఆయనకి ఏమవుతుంది?”

మాణిక్యం గారు పైకప్పు కేసి చూశాడు. నర్సు సూది గుచ్చినా కదల్లేదు. సిగ్నల్స్‌లో బతికిన మనిషి. తప్పుడు కబురు పంపితే అవతల దాన్ని నమ్మి కదిలే దళం సంగతి ఆయనకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

“సోమారం నుంచమ్మా,” అన్నాడు చివరికి. “మాత్రలేసుకుని దాచీసినాను. రాసుకో.”

అది గురువారం. ఆ తర్వాత రెండు రోజులు ఆయన ఐసీయూలో ఉన్నాడు. మందులు ఎక్కుతున్నా బీపీ లేవలేదు. బయట బెంచీ మీద సుభద్ర గారు, తానే ఫోన్ ముందుగా చేసి ఉండాల్సింది అని ఒక్కసారి అంది. మళ్లీ అనలేదు. శనివారం సాయంత్రం ఆయన కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట, పేరు తీసేశారా అని. డాక్టరు తీసెయ్యలేదని చెప్పాడు. ఇలాంటి జ్వరం కొందరికి వస్తుందని వాళ్లకు ముందే తెలుసట. కణాలు పుంజుకున్నాక, మోతాదు తగ్గించి కొనసాగిస్తారట. మాణిక్యం గారు నమ్మనట్టు ఆయన ముఖంలోకి చూశాడు.

తర్వాతి కీమో రోజున నేనూ వెళ్లాను. ఏమైనా ఇబ్బంది ఉందా అంకుల్ అని మనీష అడిగింది. ఆయన రెండు చేతులూ ముందుకు చాపాడు. వేళ్ల చివర్లు మొద్దుబారుతున్నాయని, చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నానని చెప్పాడు. అది చెబితే మందు ఇంకా తగ్గించవచ్చని, లేదా ఆపవచ్చని ఆయనకు తెలుసు. మనీష రాస్తుంటే, మెడికల్ బోర్డు ముందు నిలబడ్డవాడిలా ఆ కలం కేసే చూస్తున్నాడు.

“కాలి ఏళ్లు కూడానమ్మా,” అంది సుభద్ర గారు.

“రెండు కాళ్లవీనూ,” అన్నాడాయన.