సన్నని వేళ్ళు

మా మనవరాలు ఫోన్‌లో చూసే జపాన్ బొమ్మల కథకు కింద తెలుగు అక్షరాలు వచ్చేవి. నాకు చదువు వచ్చింది యాభై దగ్గరపడ్డాకే. ఒక వరుస కూడబలుక్కునేలోగా అది పోయి ఇంకొకటి వచ్చేది.

"నిలుపు పాపా, ఇంకా సదవలేదు."

"నువ్వు సదివేలోపల ఊరంతా కాలిపోతాది అవ్వా," అని నవ్వుతూనే వేలితో ఆపేది.

కథలో ఊరి మీదికి ఏదో భూతం వస్తుంది. దాన్ని ఎదిరించడానికి కొండంత ఇనుప మనిషిని చేసి పెట్టుకున్నారు. దాని గుండె దగ్గర చిన్న గది. అందులో కూర్చుని నడిపేది మా మనవరాలి ఈడు పిల్ల.

"ఆడపిల్లే అవ్వా, సూడు!" అని మా పిల్లకు గర్వం.

నాకు మాత్రం దూరంగా అద్దాల వెనక నిలబడిన పెద్దవాళ్ళే కనిపించారు. యుద్ధం అయ్యాక అందరూ ఇనుప మనిషికి ఎక్కడ సొట్టలు పడ్డాయో చూశారు. పిల్ల చేతులు వణకడం ఒక్కరూ చూడలేదు.

"అంతమంది ఉండారు గదా, వాళ్ళెక్కకూడదా?"

"పెద్దోళ్ళు ఎక్కితే అది కదలదంట. పిల్లోళ్ళే కావల్లంట."

ఆ మాట నేను ఎప్పుడో విన్నాను. ఆదోని దగ్గర పత్తి విత్తనాల చేలలో నా చిన్నతనం గడిచింది. సాయంత్రం మొగ్గలు గోటితో ఒలిచి లోపలి పుప్పొడి తీసేసేవాళ్ళం. సంకర విత్తనం పట్టాలని పొద్దున్నే వేరే మొక్కల పూలు తెచ్చి వాటికి రుద్దేవాళ్ళం. మందు కొట్టిన చేలో కళ్ళు మండేవి. పెద్దవాళ్ళ చేతికి మొగ్గ చితికిపోతుందని పిల్లలనే పిలిచేవారు. దసరా సెలవుల వరకే అని నన్ను తీసుకుపోయారు. బడి తెరిచినా నేను చేలోనే ఉన్నాను.

మరుసటి సాయంత్రం కూలీలను కుదిర్చే మేస్త్రమ్మ ఎమ్మిగనూరులోని మా ఇంటికి వచ్చింది. మనవరాలి చేయి పట్టుకుని తిప్పి చూసింది.

"ఎంత సన్నగుండాయో వేళ్ళు!" అంది మా కూతురితో. "దసరా సెలవులకే అక్కా. హొళగుంద పక్క పత్తి చేను. టెంపో ఇంటికాడికే వస్తాది."

మా కూతురిది నేత పని. నడుము పట్టేసి అప్పటికే మగ్గం గుంతలో దిగలేకపోతోంది. తల వంచుకుంది. అంతలో పిల్లే అంది:

"నేను పోతా. నేను పోకుంటే అమ్మే మళ్ళీ గుంతలో దిగల్ల గదా."

కథలోనూ ఆ పిల్లను ఎవరూ బలవంతంగా ఎక్కించలేదు. నువ్వు ఎక్కకపోతే మీవాళ్ళు ఏమవుతారో చూసుకో అన్నారు. తనే ఎక్కింది.

"పోదు," అన్నాను. మళ్ళీ అన్నాను. "పాప పోదు. కావల్లంటే నేనొస్తా."

మేస్త్రమ్మ పకపకా నవ్వింది. "నీ చేతులు సూసుకో పెద్దమ్మా! రొట్టె తట్టేదానికే పనికొస్తాయి. నాలుగచ్చరాలు వచ్చినంక నోరు బాగా లేసిందే నీకు!" గడప దిగుతూ, "పొద్దున టెంపో వస్తాది. మీరే తేల్చుకోండి," అంది.

తెల్లవారుతుండగా హారన్ మోగింది. లేచి చూస్తే పిల్ల చెప్పులు వెతుక్కుంటోంది. గొళ్ళెం వేసి, దాని చేయి పట్టుకుని తలుపుకు ఆనుకుని కూర్చున్నాను. ఎవరి చేయి వణుకుతోందో తెలియలేదు. మా కూతురు గొళ్ళెం వైపు చూసింది. తీయలేదు.

హారన్ మళ్ళీ మోగింది. తర్వాత బండి కదిలి పక్క సందులో ఆగింది. అక్కడ ఎవరి తలుపో తెరుచుకుంది.