తినని మామిడికాయకు రెండు స్టార్లు

భద్రాచలంలో బస్సెక్కితే చర్ల చేరడానికి రెండు గంటలు. పోలీసు క్యాంపు దగ్గర బస్సు ఆపి సంచులు చూస్తే ఇంకాస్త. వ్యవసాయ శాఖలో విస్తరణ అధికారిగా ఉద్యోగం వచ్చి ఆ మండలంలో పడ్డాక, రానూపోనూ అయ్యే ఆ నాలుగు గంటలూ ఏం చేయాలో తోచక దెయ్యాల్లో పడ్డాను. ఫోన్‌లో కథల యాప్ ఒకటి ఉంది. రోజుకో భాగం చొప్పున అందులో తెలుగు నవలలు వస్తాయి. రక్తం తాగే పిశాచాలు, వెన్నెల తగిలితే తోడేళ్లుగా మారే కుర్రాళ్లు, పదహారేళ్లకే లోకాన్ని కాపాడాల్సి వచ్చిన ఆడపిల్లలు. నాకు అవంటే పిచ్చి.

ఆ పిచ్చి కొత్తదేం కాదు. ఖమ్మంలో చదువుకునేటప్పుడు హాస్టల్ రూమ్మేట్ దగ్గర అట్ట చిరిగిపోయిన ఇంగ్లీషు నవల ఒకటి దొరికింది. సగం మాటలు అర్థం కాకపోయినా రెండు రోజుల్లో మింగేశాను. ఆ తర్వాత తెలుగులోనే వందల కొద్దీ దొరుకుతుంటే ఇక ఆగుతానా? "ముప్పై దాటినయి, ఇంకా ఆ పిల్లల కథలేంది నీకు?" అని మా అమ్మ ముదిగొండ నుంచి ఫోన్‌లో తిట్టేది. అవ్ అనేదాన్ని, చదువుతూనే ఉండేదాన్ని.

చదివి ఊరుకుంటే బాగుండేది. సమీక్షలు రాయడం మొదలుపెట్టాను.

నాకు నోటి దురుసు ఎక్కువ. నోరు తెరిస్తే గొడవవుతుందని ఆఫీసులో అణుచుకుని ఉండేదాన్ని. యాప్‌లో ఆ బాధ లేదు. హైదరాబాద్‌లో మూడు బెడ్‌రూముల ఫ్లాటు, నీలం కళ్లు ఉన్న పిశాచం గురించి, "ఇతను రక్తం తాగి ఈఎంఐ ఎలా కడుతున్నాడో రచయిత్రి చెప్పలేదు" అని రాస్తే జనం పడీ పడీ నవ్వారు. క్రమంగా నా సమీక్ష కోసం ఎదురుచూసేవాళ్లు తయారయ్యారు. నవల బాగుందో లేదో నేను తేలుస్తానన్న నమ్మకం వాళ్లకు ఉండేది. వాళ్లకంటే ఎక్కువగా నాకు ఉండేది. "లాజిక్ లేదు" అన్నది నా ఊతపదం అయిపోయింది.

ఒక వేసవిలో కొత్త నవల ఒకటి నా కంటపడింది. రాసినామె అసలు పేరు లేదు, కలం పేరు మాత్రమే. ఫోటో ఉండాల్సిన చోట మోదుగపువ్వు. హాస్టల్లో చదువుకునే ఒక పిల్లకు చనిపోయినవాళ్లు కనిపిస్తుంటారు. ఆమె అవ్వ ఈమధ్యే పోయింది, కానీ చనిపోయిన మిగతా పెద్దల్లో కలవలేక ఎక్కడో తిరుగుతోంది. అవ్వను వెతుక్కుంటూ ఆ పిల్ల అడవిలోకి పోతుంది. మొదటి ఏడు భాగాలూ గుక్క తిప్పుకోకుండా చదివాను. భాష కొంచెం మొరటుగా ఉన్నా, భయపెట్టడం ఆమెకు బాగా తెలుసు. అరుపుల్లేవు, నెత్తుటి మరకల్లేవు. చచ్చిపోయినవాళ్లు వచ్చి పక్కన కూర్చునేవాళ్లు, అంతే.

ఎనిమిదో భాగంలో నాకు చిర్రెత్తుకొచ్చింది. మూడు రోజుల నుంచి ఏమీ తినని ఆ పిల్ల, కాయలతో విరగకాసిన మామిడిచెట్టు కిందికి వస్తుంది. తినదు. రచయిత్రి రాసింది ఇంతే: "చెట్టు నిండా కాయలున్నాయి, నా కడుపులో ఏమీ లేదు. ఇంకా వాళ్లు తినలేదు కాబట్టి నేనూ తినలేదు. కింద కూర్చున్నాను. వస్తారు." తర్వాత చనిపోయిన పెద్దలు ఒక్కొక్కరే వస్తారు. చెట్టును చూస్తారు, పిల్లను చూస్తారు. అందరికంటే చివర అవ్వ వస్తుంది.

నేను మామిడితోట ఉన్న ఇంట్లో పుట్టాను. మా తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ముదిగొండలో భూములు కొన్నవాళ్లు. చెట్టు మీద కాయ కనబడితే రాయి విసరడం, ఉప్పూకారం అద్దుకుని తినడం తప్ప దానితో వేరే సంబంధం ఉంటుందని నాకు తెలియదు. బస్సులో కూర్చుని ఆ నాలుగు వాక్యాలూ యథాతథంగా ఎత్తి రాసి, కింద నా వ్యాఖ్యానం జోడించాను. "వాళ్లు ఎవరు తల్లీ? కోతులా? వాళ్లు తినేదాకా ఆగితే నీకు టెంకలే మిగిలేది. మూడు రోజుల ఆకలి మీద మామిడికాయ ముందు ధ్యానం చేసే హీరోయిన్‌ను ఇప్పుడే చూస్తున్నాను. లాజిక్ లేదు. రచయిత్రి అడవిని సినిమాల్లో చూసినట్టుంది. నేను ఉద్యోగరీత్యా రోజూ తిరిగే అడవి ఇది, అందుకే చెబుతున్నాను." రెండు స్టార్లు.

రోజూ తిరిగే అడవి! ఈ మాట గురించి నిజం చెప్పాలి. నేను తిరిగింది తారు రోడ్డు. రైతులను రోడ్డు మీది రైతు వేదిక హాలుకే రమ్మనేదాన్ని. వాళ్లు పొద్దున్నే బయలుదేరి నడిచి వచ్చేవాళ్లు. కాగితాలు రాసుకుని సాయంత్రం నాలుగింటి బస్సుకు వెనక్కి వచ్చేసేదాన్ని. కానీ ఆ ఒక్క వాక్యం చదివాక నన్ను ఎవరూ అనుమానించలేదు. సమీక్ష కింద మామిడికాయ బొమ్మలు వరసగా పడ్డాయి. ఆ రచయిత్రి పేజీకి పోయి మరీ కొందరు ఎగతాళి చేశారు. నేను ఆపలేదు. ఆపకపోవడమే కాదు, ఒకరిద్దరి జోకులు నా జోకులకంటే బాగున్నాయని కుళ్లుకున్నాను కూడా.

రచయిత్రి ఒకే ఒక్క జవాబు పెట్టింది: "చదివినందుకు థాంక్యూ మేడం. మీరు చెప్పినట్లు మారుస్తాను."

వారంలోపే మార్చింది. కొత్త ఎనిమిదో భాగంలో పిల్ల రెండు కాయలు కోసుకుని తింటుంది, ఓపిక వస్తుంది, అప్పుడు పెద్దలు వస్తారు. ఎందుకు వచ్చారో తెలియదు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టనే లేదు. ఒక రచయిత్రి నా మాట వినడమే పెద్ద గొప్పగా ఉంది. పాత సమీక్షను అలాగే ఉంచి కొత్తది రాశాను. "ఇప్పుడు సహజంగా ఉంది. సలహా స్వీకరించే రచయితలు పైకి వస్తారు." ఐదు స్టార్లు. ఆ తర్వాత ఆమె ఇంకో రెండు భాగాలు గబగబా రాసి నవల ముగించేసింది. అవి చప్పగా ఉన్నాయనిపించింది కానీ, అప్పటికే నేను ఇంకో పిశాచం వెంట పడ్డాను.

మరుసటి ఏడు ఎండాకాలం. పొలంలో నిలబడి ఫోటో తీస్తే తప్ప ఒప్పుకోని సర్వే ఒకటి వచ్చి పడింది. రైతు వేదికలో కూర్చుంటే కుదరదు. చర్ల దాటి, రోడ్డు వదిలి, తోటి ఉద్యోగి బండి మీద ఒక కోయ పల్లెకు వెళ్లాను. పోడు భూములు తిరిగి ఫోటోలు తీసేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది. ఒక ఇంటి ముందు పెద్దామె కుండలో నీళ్లు ముంచి ఇచ్చింది. పక్కనే మామిడిచెట్టు. కాయలు చేతికందేంత కిందికి వేలాడుతున్నాయి. రాలినవి నేల మీద పడి ఉన్నాయి. పిల్లలు వాటి మధ్యే ఆడుకుంటున్నారు.

"అవ్వా, ఒక కాయ కోసుకుంటా. కొంచెం ఉప్పుంటే ఇస్తవా?" అన్నాను.

ఆమె నవ్వింది. లోపలున్న కోడలికి వాళ్ల భాషలో ఏదో చెప్పింది. ఆమె కూడా నవ్వింది.

"ఇంకా పండగ కాలే మేడం," అంది పెద్దామె.

"ఏం పండగ?"

"మామిడికాయ పండగ. ముందు పెద్దలకు పెట్టాలె. ఆళ్లు తిన్నంక మేం తింటం."

"పెద్దలంటే?"

"సచ్చిపోయినోళ్లు." ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది. "మా అమ్మ, మా నాయన, ఆళ్ల అమ్మానాయనలు. ఆళ్లకు పెట్టకుండ ఎట్ల తింటం?"

"మరి పిల్లలకు ఆకలైతే?"

"ఆకలైతే అంబలుంది గదా. పిల్లలకు గూడ తెల్సు." ఇంకా నా మొహం చూసి జాలిపడ్డట్టుంది. "నీకు గావాలంటే రోడ్డు మీద అంగట్ల కొనుక్కో, ఆడ అమ్ముతరు."

తోటి ఉద్యోగి పగలబడి నవ్వాడు. నేను నవ్వలేదు. చెట్టు కింద నిలబడ్డచోటే నాకు ఆ ఎనిమిదో భాగం అర్థమైంది. ఆ పిల్ల తినకుండా కూర్చుంది కాబట్టే పెద్దలు వచ్చారు. తమ వంతు తమకోసం ఉంచిన పిల్లను చూసి, ఇది మన పిల్లే అని గుర్తుపట్టారు. అవ్వ కూడా అందుకే వాళ్లలో కలవగలిగింది. నవల మొత్తం ఆ నాలుగు వాక్యాల మీద నిలబడి ఉంది. నేను వాటిని తీయించేసి, బాగుందని మెచ్చుకున్నాను.

తిరుగు బస్సులో సిగ్నల్ కోసం చూస్తూ కూర్చున్నాను. ఒకటే ఆలోచన. వెల్లుల్లి చూపిస్తే పారిపోయే పిశాచాల కథలు ఎన్ని చదివాను! ఎందుకు పారిపోతాయని ఏ రోజూ అడగలేదు. పిలవనిదే గడప దాటలేని పిశాచాన్ని, వెండి తగిలితే చచ్చే తోడేలును కళ్లు మూసుకుని నమ్మాను. ఎక్కడో పుట్టిన నియమాలకు లాజిక్ అడగని దాన్ని, నేను జీతం తీసుకుంటున్న మండలంలో పుట్టిన ఒక్క నియమానికి మాత్రం లెక్క అడిగాను. అప్పటికి అక్కడ నా ఉద్యోగం మూడో ఏడు.

సిగ్నల్ వచ్చాక పాత భాగం కోసం వెతికాను. లేదు. ఆ నాలుగు వాక్యాలు మిగిలి ఉన్నది నా సమీక్షలోనే, కోతుల జోకుకు పైన. వాటిని రాసి పెట్టుకుని ఆ సమీక్ష తీసేశాను. రచయిత్రికి మెసేజ్ పెట్టాను. జరిగింది చెప్పి, క్షమించమని అడిగి, ఆమె వాక్యాలు ఆమెకే పంపాను. రెండు రోజుల తర్వాత ఆమె తన నంబరు పంపింది. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేశాను.

చాలా చిన్న గొంతు. భద్రాచలంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోందట. ఊరు చర్ల అవతల. అంటే ఏడాదంతా మేమిద్దరం అదే రోడ్డు మీద తిరిగాం.

"నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా? నీకు తెలవదు, నోరు మూసుకో అనొచ్చు గదా?" అన్నాను.

"అయ్యో, గట్ల ఎట్లంట మేడం," అంది. "మీరు రోజూ తిరిగే అడవన్నరు గదా. నేనేమో ఆరో తరగతి సంది హాస్టళ్లల్నే ఉన్న. సెలవులకు పోవుడే. నేనే తప్పు రాసిన్నేమో, మీకే ఎక్కువ తెల్సేమో అనుకున్న."

"ఇంట్లో అడిగి ఉంటే అయిపోయేది గదా."

"ఏమని అడగాలె మేడం? మనం నిజంగనే తినమా అని అడగాల్నా?"

ఆ భాగం మళ్లీ రాయమని బతిమాలాను. అందరికీ నేనే చెబుతాననీ, నా తప్పని రాస్తాననీ అన్నాను.

"మీ మెసేజ్ చూసినంక రాసి చూసిన మేడం. వస్తలేదు. అప్పుడు ఎవ్వలకూ చెప్పే పని లేదనుకుని రాసిన. ఇప్పుడు తినలేదు అని రాయంగనే, ఎందుకు తినలేదో ఎనక నాలుగు లైన్లు రాస్తున్న. పరీక్షల జవాబు రాసినట్టే ఉంటుంది, కథ లెక్క లేదు." మళ్లీ తనే, "మీరు పంపినయి చదివిన. నేనే రాసిన్నా అనిపించింది," అంది.

ఆ మాటకు నాకు కన్నీళ్లొచ్చాయి. వాటిని ఆమెకు వినిపించే హక్కు నాకు లేదనిపించి, పనిలోకి దిగినదానిలా మాట్లాడాను. "ఆ రెండు స్టార్ల రివ్యూ తీసేసిన. రెండోది కూడా ఇప్పుడే తీసేస్తా. నీ కథను చెడగొట్టి పొగిడింది అదే. అది ఉండొద్దు."

హాస్టల్లో ఎవరో బకెట్ ఈడ్చిన చప్పుడు వినబడింది.

"అది తియ్యకుండ్రి మేడం," అంది. "నాకు ఐదు స్టార్లు వచ్చింది అదొక్కటే. మా రూముల అందరికి చూపెట్టిన. ఊరికి పోయినప్పుడు మా అమ్మకు గూడ చూపెట్టిన."

తీయలేదు. ఆమె మళ్లీ ఏమైనా రాస్తుందేమోనని ఇప్పటికీ ఆ పేజీ చూస్తుంటాను. కొత్తది ఏదీ రాలేదు. ఆ నవల తెరిచినవాళ్లకు మొట్టమొదట కనిపించేది నా పొగడ్తే.