పల్లకీలో అంతరిక్షయాత్ర

ఒక శాలువాను, తాతగారి పల్లకీని, మూడు తరాల పరువును పావుగంటలో ఎలా పోగొట్టుకున్నానో చెబుతాను. నవ్వండి, అభ్యంతరం లేదు. కాకపోతే నిటారుగా కూర్చుని నవ్వండి. మా ఇంటి పద్ధతి అది.

పన్నెండేళ్ల కిందటి మాట. అప్పటికి మా వంశానికి మిగిలినవి రెండే: ఆ పల్లకీ, నా వెన్నెముక. రెండూ వంగేవి కావు. కోడూరు దగ్గర ఒక బళ్లో పిల్లలకు మనిషి మొదటి అంతరిక్షయాత్ర గురించి చెప్పమన్నారు. చివర్లో శాలువా కప్పుతామన్నారు. నాన్నగారి తర్వాత మా ఇంట్లో ఎవరి భుజం మీదా శాలువా పడలేదు. వెంటనే ఒప్పుకున్నాను. అంతరిక్షం గురించి నాకు తెలిసిందల్లా అది పైన ఉంటుందని.

ఆ బడి లైబ్రరీలోంచే ఒక పుస్తకం తెప్పించుకుని, పైకి వెళ్లేదాకా చదివాను. దిగడం అందరికీ తెలిసిందేగా అని మూసేశాను.

పల్లకీని బడి మైదానానికి తెప్పించాను. "పిల్లలూ, ఇదే నౌక అనుకోండి. మనిషికంటే ముందు కుక్క వెళ్లింది."

"తిరిగొచ్చిందాండీ?"

"భూమి చుట్టూ తిరిగిన మొదటిది రాలేదు. తర్వాత రెండు క్షేమంగా వచ్చాయి."

"పాపం, దానికి చెప్పే పంపారా?"

నేను చదివిన సగంలో జవాబు లేదు. తొందరగా మనిషి దగ్గరికి వచ్చేశాను. "నూట ఎనిమిది నిమిషాల్లో భూమిని చుట్టొచ్చాడు! ఏ రాజవంశీకుడో!"

"వడ్రంగి గారబ్బాయండీ" అంది ఏడో తరగతి లాస్య.

దగ్గాను. "సరే. నౌకలో కూర్చునే హుందాగా నేలకు దిగాడు."

"లేదండీ. ఇంకా చాలా ఎత్తులో ఉండగానే బయటికొచ్చేసి, పారాచూట్‌తో విడిగా దిగాడండీ."

"అమ్మాయీ! మధ్యలో దిగిపోవడం మర్యాద కాదు. బోయీలు పల్లకీ కింద పెట్టేదాకా మా తాతగారు కాలు బయట పెట్టేవారు కాదు."

"మీ తాతగారు అంతరిక్షానికెళ్లారాండీ?"

మైదానమంతా కిసకిసలు. నా చెవులు వేడెక్కాయి. "నాది తప్పయితే నా శాలువా నీదే! ఎలా దిగాలో చూపిస్తాను" అంటూ పల్లకీ ఎక్కాను. నలుగురు మాస్టార్లు భుజానికెత్తుకుని, మైదానం అంచున పొలంగట్టు వెంట నడిచారు.

తెర సందులోంచి పిల్లలు, చెట్లు, బడి మెల్లగా తిరిగిపోతున్నాయి. పైనుంచి ఆయనకు భూమి ఎలా కనబడిందో అని మొదటిసారి నిజంగా అనిపించింది. అంతలో కిర్రుమంది. చెదలు కూడా మాకు వారసత్వంగా వచ్చాయని నాకెవరూ చెప్పలేదు.

అడుగుచెక్క ఊడింది. పల్లకీ మాస్టార్లతో ముందుకు సాగిపోయింది. నేను విడిగా దిగాను. నిటారుగానే, గట్టు పక్క నారుమడిలో, మోకాళ్ల లోతు బురదలోకి.

నారు పీకుతున్న ముసలావిడ నడుం ఎత్తింది. "ఎవరు బాబూ? ఎక్కణ్ణుంచి ఊడిపడ్డావు?"

లాస్య పరిగెత్తుకొచ్చింది. "అచ్చం ఇలాగేనండీ! ఆయనా పొలంలోనే దిగాడు. అక్కడా ఒక మామ్మే చూసింది, మనవరాలితో! పుస్తకం చివర్లో ఉంది!"

అన్న మాట ప్రకారం శాలువా లాస్యకు కప్పించాను. ఆ పిల్ల దాన్ని తీసి నా చేతికిచ్చింది. "ముందు మొహం తుడుచుకోండి. ఉతికి ఇచ్చేద్దురుగాని."

ఉతికి ఇచ్చాను. ఆ రోజే మా వంశగౌరవం సాక్షిగా ప్రతిజ్ఞ కూడా చేశాను: దిగే సంగతి ఆఖరి పేజీ దాకా చదవకుండా ఏ వాహనమూ ఎక్కను. చివరికి కోడూరు బస్సయినా సరే.