లైట్లా, నా కళ్ళా

హెడ్‌లైట్లు మసకగా వెలుగుతున్నాయని వానాకాలం మొదలవకముందు నుంచే చెబుతున్నాను. మా ఆవిడతో చెప్పాను, ఆవిడ తమ్ముడితో చెప్పాను, కారు సర్వీసింగ్‌కి ఇచ్చిన చోట కౌంటర్లో కూర్చున్న మనిషితో చెప్పాను. ఒక్కరూ పట్టించుకోలేదు. నేను లైట్ల గురించి మాట్లాడితే అందరూ నా కళ్ళద్దాల వంక చూశారు.

పోర్టులో క్రేన్ నడిపి రిటైరైనవాణ్ణి. అంత ఎత్తున్న కేబిన్లోంచి, కింద ఓడలో నిలబడ్డ మనిషి చెయ్యి ఎటు ఊపుతున్నాడో చూసి బరువు దించేవాణ్ణి. అక్కడ నా చూపు మీద ఎవరికీ అనుమానం రాలేదు. ఇంట్లో వచ్చింది.

ఒకరోజు భీమిలిలో మా ఆవిడ అక్కగారింటి నుంచి తిరిగొస్తున్నాం. చీకటి పడుతోంది. రోడ్డు పక్కన వలలు వేసుకెళ్తున్న తోపుడుబండి బాగా దగ్గరికొచ్చాక గానీ కనిపించలేదు. గట్టిగా బ్రేకు తొక్కాను. బండికి ఏమీ కాలేదు, తోసేవాడికీ ఏమీ కాలేదు. అతను తిట్టాల్సినంతా తిట్టి వెళ్ళాడు. మా ఆవిడ మాత్రం డాష్‌బోర్డు మీద ఆనించిన చెయ్యి ఇల్లు చేరేదాకా తియ్యలేదు.

"లైట్లు సరిగా లేవు," అన్నాను.

"లైట్లకేటయింది? ఎదరొచ్చే బళ్ళన్నీ బాగానే ఎలుగుతన్నాయి కదా. ముందు మీ కళ్ళు సూపించుకోండి."

ఎదురొచ్చేవి వాళ్ళ లైట్లు, మనవి కావు అని చెప్పాను. వినలేదు.

మర్నాటి నుంచి ఆవిడ నా కారెక్కలేదు. అక్క దగ్గరికి బస్సులో, బజారుకి ఆటోలో. గొడవ పడలేదు, సాధించలేదు. అదే నాకు ఎక్కువ బాధ. పక్క సీట్లో కూరగాయల సంచి పెట్టుకుని తిరిగాను.

కళ్ళ డాక్టరు దగ్గరికీ వెళ్ళాను. అద్దాలు కొంచెం మార్చి, కారు నడపడానికి ఇబ్బందేమీ లేదన్నాడు. ఇంటికొచ్చి రెండూ చెప్పాను. అద్దాలు మారాయన్నది అందరూ విన్నారు, రెండో మాట ఎవరూ వినలేదు.

పెందుర్తిలో మా బావమరిది గృహప్రవేశానికి ఒక్కణ్ణే కారులో వెళ్ళాను. పార్కు చేస్తుంటే వాడు పదిమందిలో అరిచాడు: "బావా, మెల్లిగా! ఆ గోడ కొత్తగా కట్టినాం. కనిపిస్తందా?" షామియానా కింద నవ్వులే నవ్వులు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

తర్వాత గ్యారేజీవాళ్ళు ఎక్కువ వెలుగిచ్చే బల్బులు వేశారు. ఆ మసక తగ్గకపోగా పెరిగింది. ఒక సాయంత్రం స్విచ్ వేస్తే రెండు లైట్లూ అసలు వెలగలేదు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. పూర్తిగా ఆరిపోయిన లైటుకి నా కళ్ళ మీద నేరం మోపలేరు కదా. వెంటనే బావమరిదికి ఫోన్ చేసి రమ్మన్నాను.

"బల్బులు మాడిపోయుంటాయి, బావా," అన్నాడు వస్తూనే.

"రెండూ ఒకేసారా? మాట్లాడుకుని పోయాయా?"

ఫ్యూజు తీసి చూశాం, బాగుంది. బల్బు తీసి నేరుగా బ్యాటరీకి తగిలించాం, వెలిగింది. తిరిగి బిగించాం, వెలగలేదు. ఊరికే చూద్దామని ఇండికేటరు వేశాను. అది బాగానే కొట్టుకుంటోంది. దాంతోపాటు హెడ్‌లైటు స్విచ్ వేసేసరికి ఇండికేటరు కూడా నీరసపడింది. అప్పుడర్థమైంది. కరెంటు వస్తోంది, రెండింటికీ కలిపి తిరిగి వెళ్ళే దారి మాత్రం సరిపోవడం లేదు. ఎర్త్ పోయింది. లైట్ల నుంచి వచ్చే నల్లవైరు పట్టుకుని వెతుక్కుంటూ వెళితే, బాడీకి బిగించిన బోల్టు దగ్గర తేలింది. మా వీధిలో కిటికీ ఊచల్ని తినేసే ఉప్పుగాలే దాన్నీ తినేసింది. వేలితో తాకితే తుప్పు పొడిపొడిగా రాలింది.

ముక్క వైరు తీసుకుని, ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస ఆ నల్లవైరుకి తగిలించాను. కారు ముందు వంగి చూస్తున్న బావమరిది ఎగిరి పక్కకి దూకాడు.

"ఆపు, బావా, ఆపు! కళ్ళు పోతన్నాయి!"

"ఎవరివి?" అన్నాను.

వాడు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. నేను బోల్టు గీకి శుభ్రం చేస్తున్నంతసేపూ చొక్కా మాసిపోతున్నా వంగి టార్చి పట్టుకున్నాడు. ఆ సంగతీ గుర్తుపెట్టుకుంటాను. అంతా బిగించాక లోపలికి కేకేశాడు: "అక్కా, లైట్లేనే! బావ కళ్ళు కాదు!"

ఆవిడ వరండాలోకి వచ్చి, ప్రహరీగోడ మీద పడ్డ వెలుగు చూసింది. "బాగా ఎలుగుతన్నాయి," అని లోపలికి వెళ్ళిపోయింది. మీరు చెప్పింది నిజమేనని అనలేదు. ఇక మీతో వస్తానని కూడా అనలేదు. నిన్న మళ్ళీ భీమిలి బస్సుకే వెళ్ళింది.

బస్టాపు దాకా దింపుతానంటే వద్దంది. కోపమొచ్చింది. గెలిచాక కూడా ఓడిపోయినట్టుంది. కానీ గోడ మీద వెలుగు చూసినంత మాత్రాన మనిషి లోపలి బెదురు పోదని నాకూ తెలుసు. ఆ రోజు తోపుడుబండి దగ్గర నా గుండె కూడా ఆగినంత పనైంది. ఆవిడ పట్టుకోవడానికి డాష్‌బోర్డు ఉంది, నాకు స్టీరింగ్ ఉంది, అంతే తేడా.

గ్యారేజీవాళ్ళ సంజాయిషీ నాకక్కర్లేదు. షామియానా కింద నవ్వినవాళ్ళ సంగతి తర్వాత చూసుకుంటాను. నేనేం రాసినా మొదట చదివేది మా ఆవిడే కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. నువ్వింకా దేనికి భయపడుతున్నావు, లైట్లకా, నాకా? లైట్లకైతే, సాయంత్రం వీధి చివరిదాకా వెళ్ళొద్దాం, నువ్వు ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతాను. నాకైతే, ఆ మాటే నా మొహం మీద చెప్పు. ఇన్నాళ్ళూ ఎవరూ నాకు జవాబు చెప్పలేదు. నువ్వైనా చెప్పు.